అడ్డాకు ఏ చెట్టుది?

(జయపురం, రాయగడల చుట్టూ నాలుగు సులువైన నడకలు)

కిందటి కార్తీకంలో మన సంఘం వనభోజనాలకు వెళ్ళినప్పటి సంగతి. గుప్తేశ్వరం దారిలో అడవి అంచున బస్సులు ఆగాయి. ఉసిరి కొమ్మ నాటి పూజ చేశాం. పిల్లలకు పాటల పోటీ, పెద్దలకు తంబోలా అయ్యాయి. ఒంటిగంటకల్లా పంక్తులు వేశారు. పులిహోర, గుత్తివంకాయ కూర, ముద్దపప్పు, పరమాన్నం అన్నీ అడ్డాకు విస్తళ్ళలోనే వడ్డించారు. ప్లాస్టిక్ పళ్ళాలు వద్దని మన కార్యవర్గం చేసిన తీర్మానం అమలైనందుకు అందరం సంతోషించాం. నా పక్కన కూర్చున్న పదేళ్ళ కుర్రాడొకడు పప్పన్నం కలుపుతూ, కలుపుతూ ఆగి, "అంకుల్, ఈ ఆకు ఏ చెట్టుది?" అని అడిగాడు.

నేను కామర్సు చదివినవాణ్ణి. "అడ్డాకు, బాబూ!" అన్నాను, పేరు చెప్పేస్తే జవాబు అయిపోయినట్టు. వాడు వదిలిపెట్టే రకం కాదు. "అయితే అడ్డ చెట్టు ఎలా ఉంటుంది?" అన్నాడు.

ఆ పంక్తిలో ఇంజనీర్లున్నారు, లెక్చరర్లున్నారు, ఈ జిల్లాలోనే పుట్టి పెరిగి తల నెరిసిన పెద్దలున్నారు. ఒకాయన అది మర్రి జాతి అన్నారు. ఇంకొకాయన "కాదండీ, మోదుగలో ఒక రకం" అన్నారు. మూడో ఆయన "ముందు భోజనం కానివ్వండి" అన్నారు. చివరికి మాకు నీళ్ళు మోయడానికి పక్క ఊరినుంచి వచ్చిన ఆవిడ మా గోల అర్థం చేసుకుని, నవ్వి, బిందె కిందపెట్టి, చెయ్యి పైకెత్తి చూపించింది.

మా నెత్తి మీదే ఉంది! అసలది చెట్టు కాదు, తీగ. మనిషి తొడంత లావున మెలికలు తిరిగి, గుగ్గిలం చెట్టును పట్టుకుని కొమ్మల చివరిదాకా పాకింది. మేక గిట్టలా నడిమికి చీలిన పెద్ద పెద్ద ఆకులు. "సియాళి" అంది ఆవిడ. దాని నారతో తాళ్ళు పేనుకుంటామనీ, గింజలు కాల్చుకుని తింటామనీ చెప్పి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కుర్రాడి సందేహం తీరింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఎందుకంటే, విస్తరాకులు కుట్టే మిషన్ల కోసం మహిళా సంఘాలకు అప్పులు మంజూరు చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ ఫైళ్ళలో 'ముడిసరుకు స్థానికంగా లభ్యం' అని నా చేత్తోనే రాశాను. అప్పు ఇచ్చాను, వసూలు చేశాను. ఆ ముడిసరుకు ఎక్కడ పుడుతుందో తలెత్తి చూడలేదు.

జీపులోంచి చూసిన జిల్లా

నేను ఉద్యోగంలో చేరి ఈ ప్రాంతానికి వచ్చేసరికి పాత కోరాపుట్ జిల్లా అప్పటికే నాలుగు ముక్కలయింది. 1992 అక్టోబరు 2న రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి వేరు జిల్లాలయ్యాయి. నా సర్వీసులో ఎక్కువ కాలం కోరాపుట్, రాయగడ జిల్లాల్లోనే గడిచింది. తిరగని ఊరు లేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. తిరిగిన మాట నిజమే గాని, అంతా జీపులోనే. దుమ్ము రాకుండా అద్దాలు బిగించుకుని, ఒళ్ళో బకాయిదారుల జాబితా పెట్టుకుని.

మూడేళ్ళ కిందట డాక్టరుగారు నా రక్తంలో చక్కెర లెక్క చూసి, "మందు నేనిస్తాను, నడక మీరు నడవండి" అన్నారు. మొదటి వారం మెయిన్ రోడ్డు మీద లారీల పొగ పీలుస్తూ నడిచాను. మా ఆవిడ చూసి చూసి, "ఆ పొగ పీల్చే బదులు చెరువు గట్టుకు పోదాం పదండి, నా మోకాళ్ళకూ మంచిదే" అంది. అలా మొదలయింది. ఇప్పుడు వారానికి ఐదు రోజులు చెరువు గట్టు, సెలవొస్తే కొలాబ్ ఒడ్డు. వనభోజనాల తర్వాత అడవి బాట కూడా పట్టాం.

నేను చెప్పబోయేవి పర్వతారోహణలు కావు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన శిఖరం దేవమాలి మన జిల్లాలోనే ఉంది, 1672 మీటర్లు. దాని సంగతి మన కుర్రాళ్ళు చూసుకుంటారు. ఈ నాలుగు నడకలూ యాభై దాటిన మోకాళ్ళకూ, చీర కట్టుకున్న ఆడవాళ్ళకూ, చెయ్యి పట్టుకుంటే నడిచే పిల్లలకూ సరిపోయేవి.

మొదటి నడక: జగన్నాథ సాగరం గట్టు

జయపురం రాజధాని కాకముందు ఈ సూర్యవంశపు రాజులు నందపురంలో ఉండేవారు. ముప్పైరెండు మెట్ల సింహాసనం ఆనవాళ్ళు అక్కడ నేటికీ ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో వీరవిక్రమదేవుని కాలంలో రాజధాని జయపురానికి మారింది. ఊరికి ఆనుకుని ఉన్న జగన్నాథ సాగరం ఆ రాచరికపు రోజుల్ని గుర్తుచేసే చెరువు. పేరుకు చెరువే గాని, మొదటిసారి చూసినవాళ్ళు 'సాగరం' అన్న మాట తప్పనరు.

తెల్లవారి ఐదున్నరకు గట్టెక్కితే బాగుంటుంది. చలికాలంలో నీళ్ళ మీద పొగమంచు ఇంకా కదలదు. అవతలి ఒడ్డు కనిపించదు గాని, బట్టలుతికే చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఎండ పొడ తగలగానే నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటాయి. లకుముకి పిట్ట ఒకటి రోజూ అదే కరెంటు తీగ మీద కూర్చుంటుంది. మా ఆవిడ దానికి 'క్యాషియరు' అని పేరు పెట్టింది. అటూ ఇటూ చూడకుండా కిందికే చూస్తూ కూర్చుంటుందట! గట్టు మీద వీలున్నంత మేర నింపాదిగా వెళ్ళి, అదే దారిన వెనక్కి వస్తే ముప్పావు గంట.

తిరిగి వచ్చేటప్పుడు కోట వైపుగా రండి. తెలుగువాళ్ళం ఆ గోడల ముందు ఒక్క నిమిషం ఆగాలి. 1931లో గద్దెనెక్కిన విక్రమదేవవర్మగారు తెలుగు, ఒడియా, సంస్కృతాల్లో పండితులు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేశారు. నెలకు పదీ పదిహేను రూపాయలతో సంసారాలు నడిచిన రోజుల్లో లక్ష! విశాఖపట్నంలో ఆ విశ్వవిద్యాలయపు సైన్సు కళాశాలకు జయపూర్ విక్రమదేవ్ కళాశాల అని ఆయన పేరే పెట్టారు. ఇక్కడ జయపురంలో ఆయన పేరున్న కళాశాల 2023లో విశ్వవిద్యాలయమయింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లా కింద ఉండేది. గీత మారింది గాని, ఆ రాజుగారు గీతకు రెండు వైపులా చదువుకు పెట్టుబడి పెట్టారు. మన పిల్లల్లో విశాఖలో చదివినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ లేబొరేటరీకి ఈ కోటకు ఉన్న బంధం వాళ్ళకెవరైనా చెప్పారా?

ఒక మాట దాచకూడదు. ఈ చెరువుకు ఒళ్ళు బాగాలేదు. కొన్ని మూలల్లో గుర్రపుడెక్క కమ్ముకుంటుంది, ఊరి మురుగు కూడా కొంత ఇందులోకే దారి చూసుకుంటుంది. వినాయక చవితి, దసరాలయిన మర్నాడు గట్టు చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆ పువ్వుల కవర్లలో మన ఇళ్ళవీ ఉంటాయి. రోజూ నడిచేవాడికి చెరువు మీద ఓ రకమైన పెత్తనం వస్తుంది. ఇంతకుముందు చెత్త చూసి ముక్కు మూసుకునేవాణ్ణి, ఇప్పుడు వేసేవాణ్ణి పేరు పెట్టి పిలిచి అడుగుతున్నాను.

రెండో నడక: కొలాబ్ ఒడ్డు

కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. జయపురం దానికి రెండు వందల మీటర్లకు పైగా దిగువన ఉంది. మధ్యలో 22 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. ఎగువ కొలాబ్ జలాశయం ఆ ఎత్తు మీదే ఉంది. ఏ ఊరినుంచి బయల్దేరినా గంటలోపు చేరిపోవచ్చు. ఆనకట్ట దగ్గర ఉద్యానవనం ఉంది కనక పిల్లలకు కాలక్షేపం. పెద్దలు మాత్రం తోటలోనే ఆగిపోకుండా నీళ్ళ అంచు వెంట కాస్త నడవాలి.

అక్కడ నేల ఎర్రగా ఉంటుంది. నీలగిరి చెట్ల వాసన వస్తూ ఉంటుంది. ఒక పక్క నీళ్ళు, రెండో పక్క మెట్లు మెట్లుగా రాగి చేలు. వానాకాలం పోయి కార్తీకం వచ్చేసరికి గుట్టల మీద వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టుంటాయి. నీళ్ళ మధ్య అక్కడక్కడా పచ్చటి దీవులు. అవి దీవులు కావనీ, ఒకప్పటి కొండల తలలనీ తెలిసేదాకా చూడముచ్చటగానే ఉంటాయి.

తెలిసింది ఇలా. ఓ ఆదివారం మేం ఒడ్డున కూర్చుని ఫ్లాస్కులో టీ పోసుకుంటుంటే, మేకలు కాస్తున్న పెద్దాయన ఒకరు వచ్చి దగ్గర కూర్చున్నారు. ఆయనకూ ఓ కప్పు ఇచ్చాం. మాటల్లో, "మీ ఊరెక్కడ బాబాయ్?" అని నాకొచ్చిన ఒడియాలో అడిగాను. ఆయన చేతికర్ర ఎత్తి నీళ్ళ మధ్యకు చూపించారు. నేను అవతలి ఒడ్డు అనుకున్నాను. "అవతల కాదు, అక్కడే" అన్నారు. వేసవిలో నీళ్ళు బాగా తగ్గినప్పుడు తమ పొలం గట్లు కొన్ని బయటపడతాయనీ, అప్పుడు వెళ్ళి ఓసారి నడిచి వస్తాననీ చెప్పారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. పుట్టింటికి వెళ్ళొస్తానని చెప్పినట్టే చెప్పారు.

ఆ నీళ్ళే సొరంగాల గుండా జయపురం దిగువకు దూకి 320 మెగావాట్ల కరెంటు తీస్తాయి. ఆ తర్వాత కాలవల్లో పడి జయపురం పొలాలు తడుపుతాయి. మన ఇళ్ళలో కుళాయి తిప్పితే వచ్చేదీ చాలావరకు కొలాబ్ నీళ్ళే. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆవిడ బిందె కడుగుతూ నీళ్ళు వృథా పోతుంటే చప్పున కుళాయి కట్టేసింది. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇంకో సంగతి. ఈ కొలాబే దిగువకు వెళ్ళి శబరి అనే పేరుతో కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2015 పుష్కరాలకు మనవాళ్ళు బస్సు మాట్లాడుకుని రాజమండ్రి వెళ్ళారు, గుర్తుందా? మనం ముక్కు మూసుకుని మునిగిన ఆ నీళ్ళలో మన పెరటి నీళ్ళు కూడా కాసిని ఉన్నాయన్నమాట!

మూడో నడక: గుప్తేశ్వరం అడవి

జయపురం నుంచి బైపారిగూడ, రామగిరి మీదుగా గుప్తేశ్వరం సుమారు 60 కిలోమీటర్లు. శివరాత్రికి అందరూ వెళతారు. నేను మాత్రం శివరాత్రి తప్ప మరెప్పుడైనా వెళ్ళమంటాను. గుహలో వెలసిన స్వామి గనక గుప్తేశ్వరుడు, గుప్తకేదారమని కూడా అంటారు. అరణ్యవాసంలో రాముడు ఈ లింగాన్ని చూసి అర్చించాడని స్థలపురాణం. మెట్లకు రెండు పక్కలా చంపక చెట్లు. కింద శబరి నది, అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్.

దర్శనమయ్యాక జనమంతా వెంటనే కారెక్కేస్తారు. మీరు అలా చేయకండి. ఏటివైపు దిగి, ఒడ్డు వెంట, ఆ తర్వాత దుకాణాలు దాటి వచ్చిన రోడ్డు మీదే వెనక్కి ఓ కిలోమీటరు నడవండి. తోవ తప్పే భయం లేదు, అడవి మాత్రం రెండు పక్కలా మీదే. 2024లో ఒడిశా ప్రభుత్వం ఈ ఆలయాన్ని ఆనుకుని ఉన్న 350 హెక్టార్ల అడవిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. అంటే మనం పసుపు కుంకుమలు వేసిన చోటే కాదు, దాని చుట్టూ ఉన్న చెట్టూ పుట్టా కూడా దేవాలయమేనని సర్కారు ఒప్పుకున్నట్టు.

ఈ అడవికి గుగ్గిలం చెట్టే పెద్ద దిక్కు. దాన్నే సాలవృక్షం అంటారు. ఇప్ప, తునికి, మద్ది, వెదురు తోడుంటాయి. ఫాల్గుణ, చైత్రాల్లో తెల్లవారుజామున వెళితే ఇప్పపూలు రాలి నేల మీద ముత్యాలు పోసినట్టుంటాయి. అప్పటికే ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలు పట్టుకుని ఏరుతూ ఉంటారు. ఎండెక్కేసరికి నేల ఖాళీ. బ్యాంకు తెరవకముందే వాళ్ళ ఆ రోజు జమ పూర్తయిపోతుంది.

అడ్డతీగను నేను మళ్ళీ వెతికి చూసింది ఇక్కడే. ఈసారి నాకై నేనే గుర్తుపట్టాను. పక్కన నడుస్తున్న మా ఆవిడకు చూపించి, "ఇదిగో, ఇదే!" అన్నాను, పరీక్షలో మొదటి మార్కు వచ్చినవాడిలా. ఆవిడ దగ్గరికెళ్ళి ఒక ఆకు నిమిరి, "మా పెళ్ళిలో ఎన్ని వందల విస్తళ్ళు లేచాయో!" అంది. నలభై అడుగుల ఎత్తుకు ఎక్కి ఆ ఆకులు కోసేవాళ్ళెవరో, ఎండబెట్టి వెదురు పుల్లలతో కుట్టేవాళ్ళెవరో, కట్టకు వాళ్ళ చేతికి ఎంత వస్తుందో ఆ పెళ్ళిలో ఎవరూ అడిగి ఉండరు.

దారిలో బైపారిగూడ సంతరోజు తగిలితే ఆగండి. జయపురం ప్రాంతం వరి రకాల వైవిధ్యానికి ప్రపంచంలోనే పేరు పొందింది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. జయపురం దగ్గరి పాత్రపుట్ గ్రామానికి చెందిన కమలా పూజారిగారు వందకు పైగా దేశవాళీ వరి రకాలను కాపాడారు. 2019లో పద్మశ్రీ అందుకుని, 2024లో కన్నుమూశారు. మన కాలాజీరా బియ్యానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది కూడా 2024లోనే. బాసుమతి కోసం హైదరాబాదు మనుషులకు చెప్పి పంపించుకునే మనం, ఓ రెండు కిలోల కాలాజీరా కొని పరమాన్నం చేసి చూస్తే తెలుస్తుంది.

నాలుగో నడక: నాగావళి వెంట

"అంతా జయపురం సంగతేనా, మా రాయగడ కనబడలేదా?" అని అక్కడి సభ్యులు అప్పుడే కోప్పడుతూ ఉంటారు. చివర పెట్టడానికి కారణం ఉంది.

ముందు దారి చెబుతాను. మజ్జిగౌరమ్మ గుడికి పార్వతీపురం, విజయనగరం వైపునుంచి వచ్చే మనవాళ్ళ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. చైత్రమాసంలో ఉత్సవానికి ఇసక వేస్తే రాలదు. మామూలు రోజున అమ్మవారి దర్శనం చేసుకుని, చెకాగుడ దగ్గర నాగావళి మీద ఉన్న వేలాడే వంతెన దాకా వెళ్ళండి. వంతెన మీద నిదానంగా నడుస్తుంటే కాళ్ళ కింద కాస్త ఊగుతుంది. పిల్లలకు సరదా, పెద్దలకు చెయ్యి పట్టుకోవడానికి ఓ వంక. ఇంకో రోజు ఊరికి దగ్గరలోనే ఉన్న హాతీపథర్ చూడండి. ఏనుగుల్లా కనబడే రెండు పెద్ద బండలు, వాటి పక్కన ఏరు రాళ్ళ మీదుగా దూకుతూ ఉంటుంది. రాళ్ళకు నాచు పట్టి ఉంటుంది. బండల మీదికి ఎక్కకండి, ఫోటో కోసం అసలే ఎక్కకండి. ఒడ్డున చెట్ల నీడలో అరగంట నడక చాలు.

ఇక కారణం. నా మొదటి పోస్టింగుల్లో ఒకటి రాయగడ. మా అమ్మ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో నాగావళి ఒడ్డున ఓ చిన్న పల్లె. నా దగ్గరికి వచ్చినప్పుడు ఓ సాయంత్రం పక్కింటివాళ్ళు మాటల్లో ఏటి పేరు చెబితే, అమ్మ ఆశ్చర్యపోయింది. "ఇది మన నాగావళేనా? ఇక్కణ్ణించా మా ఊరొచ్చేది?" అంది. ఔనమ్మా, కలహండి కొండల్లో పుట్టి, రాయగడ మీదుగా మన తోటపల్లికి, శ్రీకాకుళానికి వెళ్ళి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుందని చెప్పాను. "అయితే ఓసారి తీసుకెళ్ళరా, కాళ్ళు తడుపుకొస్తాను" అంది.

అది మార్చి నెల. బ్యాంకులో మార్చి అంటే ఏమిటో మన సభ్యుల్లో బ్యాంకువాళ్ళకు తెలుసు. లెక్కలు తేలేసరికి రాత్రి పదయ్యేది. "రేపు వెళదాం అమ్మా" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. ఏరు మా ఇంటికి రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. మార్చి అయిపోయింది, అమ్మ రైలెక్కింది. మళ్ళీ రాయగడ రాలేదు, ఆ ఏడాదిలోనే పోయింది. బ్యాలెన్సు షీటు మాత్రం పైసాతో సహా సరిపోయింది.

కిందటి సంక్రాంతి సెలవుల్లో మేమిద్దరం కోరాపుట్‌లో రైలెక్కి రాయగడ వెళ్ళాం. హాతీపథర్‌కు కాస్త దిగువన ఇసక తిన్నె ఉన్న చోట చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి, చీలమండలదాకా వచ్చాయి. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మా ఆవిడ ఒడ్డునుంచి పిలవలేదు. బయటికొచ్చాక తన కొంగు అందించి, "తుడుచుకోండి" అంది.

ఇంతకంటే చెప్పడానికేం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళు ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడిగి ఉంటే, ఆ చోటు రెండు కిలోమీటర్లే అయితే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అది చూడండి.

కొన్ని జాగ్రత్తలు

కార్తీకం నుంచి మాఘం దాకా ఈ నడకలకు మంచి కాలం. వానాకాలంలో అడవి పచ్చగా ఉంటుంది గాని, దారులు జారతాయి, ఏళ్ళు చెప్పకుండా పొంగుతాయి. మన ప్రాంతంలో మలేరియా పూర్తిగా పోలేదు. పొడుగు చేతుల చొక్కా, కాలికి బూట్లు తప్పనిసరి. చక్కెర జబ్బున్నవాళ్ళు జేబులో రెండు బిస్కెట్లో, బెల్లం ముక్కో ఉంచుకోవాలి. అడవి వైపు వెళితే ఎండ ఉండగానే తిరిగి రావాలి. ఒంటరిగా వద్దు, నలుగురు కలిసి వెళ్ళాలి. సెల్‌ఫోను సిగ్నలుంటుందని నమ్ముకోకండి. ఏ దారిన వెళ్ళేదీ ఇంట్లో చెప్పి బయల్దేరండి.

తినడానికి పెద్ద క్యారియర్లు అవసరం లేదు. దారిలో ఎవరైనా రాగి అంబలి ఇస్తే, దాన్ని మాండియా పేజ్ అంటారు, మొహమాటపడకుండా తాగండి. మన అమ్మమ్మలు తాగి బతికిందే. ఊళ్ళలో ఆడవాళ్ళకు, పిల్లలకు అడగకుండా ఫోటోలు తీయకండి. మన ఇంటి గుమ్మంలో ఎవరైనా అలా చేస్తే మనం ఊరుకుంటామా?

పిల్లలకు మాత్రం ఒక చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ఇవ్వండి. చూసిన ప్రతి చెట్టుకూ, పిట్టకూ రెండు పేర్లు రాయమనండి. తెలుగు పేరు ఇంట్లో బామ్మను అడగాలి, ఇక్కడి పేరు దారిలో కనబడ్డవాళ్ళను అడగాలి. మన పిల్లలు బళ్ళో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు, ఇంట్లో తెలుగు వింటారు, ఏ భాషలోనూ చెట్టు పేరు తెలియకుండా పెద్దవుతున్నారు. వాళ్ళను అనడమెందుకు, నా పుస్తకంలో ఇప్పటికి ముప్పైనాలుగు పేర్లే చేరాయి. మొదటి పేరు అడ్డతీగ, సియాళి.

జమాఖర్చు

మా అమ్మాయి హైదరాబాదులో ఉంటోంది. నా రిటైర్మెంటు దగ్గర పడుతోంది. "ఆ ఇల్లు అమ్మేసి వచ్చేయండి నాన్నా, అక్కడ మీకెవరున్నారు?" అని ఫోను చేసినప్పుడల్లా అంటుంది. మూడేళ్ళ కిందటైతే సరేననేవాణ్ణి. ఇప్పుడు ఆ ప్రశ్నకు చప్పున జవాబు రావడం లేదు. గట్టు మీద రోజూ నమస్కారం పెట్టే రిక్షా ఆయన ఉన్నాడు. నీళ్ళలో తన ఊరు చూపించిన పెద్దాయన ఉన్నారు. బిందె దించి చెయ్యెత్తి చూపించిన ఆవిడ ఉంది. కరెంటు తీగ మీద క్యాషియరు ఉంది. వీళ్ళను ఏ ఖాతాలో రాయాలో కామర్సులో నేర్పలేదు. అమ్మేస్తామో, ఉండిపోతామో ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకునేదాకా నడుస్తూ ఉంటాం.

సంఘం కార్యవర్గానికి ఒక చిన్న విన్నపం. వచ్చే కార్తీకంలో వనభోజనాలకు బస్సులు గంట ముందు బయల్దేరాలి. ముందు ఒక గంట అడవిలో నడక, ఆ తర్వాతే భోజనం. ఆ ఊరి ఆడవాళ్ళలో ఒకరిద్దరిని తగిన కూలి ఇచ్చి, దారి చూపించడానికి, చెట్ల పేర్లు చెప్పడానికి పిలుద్దాం. నీళ్ళు మోయడానికి కాదు, నీళ్ళు మనమే మోసుకుందాం. పంక్తిలో వాళ్ళనూ మన పక్కనే కూర్చోబెట్టుకుందాం. ఈసారి ఆ కుర్రాడు ఏ ఆకు గురించి అడిగినా, వాడికి జవాబు చెప్పేవాళ్ళు పక్కనే ఉంటారు.

వచ్చే మొదటి ఆదివారం పొద్దున్న ఐదున్నరకు జగన్నాథ సాగరం గట్టు దగ్గర మేమిద్దరం ఉంటాం. ఫ్లాస్కులో ఇంకో నాలుగు కప్పులకు సరిపడా టీ ఉంటుంది.